బుచ్చవ్వ చావుకు పెట్టిన మైకు

పోయిన వారం మీరు నన్ను హైదరన్న మైక్ సెట్ దుకాణం మెట్ల మీద వదిలేసి పోయారు. కొత్తగా చదివేవాళ్ళు పరేషాన్ కావద్దు, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను.

ఆ ఏడు ఎండాకాలంలో మూఢం పడింది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి జనగామలో మైక్ సెట్లన్నీ మూలన పడ్డాయి. సరిగ్గా అప్పుడే సుదర్శన్ పటేలు తునికాకు గోదాం కూడా ఖాళీ అయింది. పాత ఆకంతా బీడీలైపోయింది, కొత్త ఆకు ఇంకా భూపాలపల్లి అడవుల్లోనే ఉంది. ఆ గోదాంలో లెక్కలు రాసే మునీము మా నాయిన సదానందం. ఆకు తేవడానికి ఆయన భూపాలపల్లి పోతే తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. ఇక నా దోస్తు హమీదా వాళ్ళన్న హైదరన్నది మైక్ సెట్ దుకాణం. ఆయన ప్రతి గురువారం దర్గాకు పోతాడు. చోటు నాది, పాట హమీదాది. పదో తరగతి పరీక్షలు రాసిన ఆడపిల్లలం ఐదుగురం, కుట్టుమిషను నేర్చుకోవడానికి పోతున్నామని ఇళ్ళలో చెప్పి, గురువారం మధ్యాహ్నాలు ఆ గోదాం తలుపులేసుకుని డిస్కో ఆడేవాళ్ళం. టార్చిలైటుకు రంగు జిలుగు కాగితం కట్టి తిప్పితే అదే మాకు లైటింగు. మా ఇళ్ళలో తెలిస్తే కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళు.

అంతా బాగానే ఉండేది, హమీదా ఆ విజయలక్ష్మిని తీసుకురాకపోతే. విజయలక్ష్మి ఎవరనుకున్నారు? సుదర్శన్ పటేలు బిడ్డ. వాళ్ళ గోదాంలోనే వాళ్ళకు తెలియకుండా ఆడుతున్నామన్నది ఆ పిల్లకు మహా సరదా. హైదరాబాద్ నుంచి తెచ్చిన క్యాసెట్లు ఆమె దగ్గర సంచెడు ఉండేవి. మూడు వారాల్లో హమీదా నోట ఆ పేరు తప్ప ఇంకో పేరు లేదు. రెండు పిడికిళ్ళూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుతూ నడుము ఊపే అడుగు ఒకటుంది, దానికి 'బీడీ చుట్టుడు' అని పేరు పెట్టింది నేను, మా అమ్మ చేతులు చూసి కనిపెట్టింది నేను. దాన్ని హమీదా ఆ పిల్లకు నేర్పింది. ఆకు లారీ రాకముందు ఆఖరి గురువారం ఇంకో పదిమంది ఆడపిల్లలు చూడటానికి వస్తున్నారు, ముందు వరసలో జోడీగా తనూ విజయలక్ష్మీ ఆడతామని చెప్పింది. నన్ను వెనక టార్చిలైటు తిప్పమంది.

టార్చిలైటు! అప్పుడు నేను చేసింది మీకు తెలుసు. గురువారం పొద్దున్నే దుకాణానికి పోయాను. హైదరన్న చాయ్‌కి పోయాడు, చూపు ఆనని వాళ్ళ దాదీ హాజిరా బీ ఒక్కతే కూర్చుని ఉంది. ఓణీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఏడుపు గొంతుతో, రఘునాథపల్లిలో ముసలామె పోయింది, భజనకు మైకు కావాలి అన్నాను. మూఢంలో మైకు అడగడానికి చావు తప్ప ఇంకో దారి లేదు. "ఎవరు పోయిండ్రు బేటీ?" అని దాదీ అడిగింది. పేరు ఆలోచించుకుని పోలేదు నేను. మా నాయిన నోట ఎప్పుడూ వినే పేరు ఒకటి నాలుక మీదికి వచ్చేసింది.

"పెద్దింటి బుచ్చవ్వ" అన్నాను.

పెద్దింటి బుచ్చవ్వ అంటే సుదర్శన్ పటేలు తల్లి. అంటే విజయలక్ష్మి బాపమ్మ. నిక్షేపంలా బతికే ఉంది.

ఇక ఈ వారం కథ.

మధ్యాహ్నం పన్నెండున్నరకు అందరం గోదాంలో చేరాం. చూడటానికి వచ్చిన పిల్లలు కిసుక్కుమంటూ గోడవారగా కూర్చున్నారు. విజయలక్ష్మి మెరిసే గౌను ఒకటి వేసుకొచ్చింది, నడుముకు హమీదా చున్నీ కట్టుకుంది. ఆ చున్నీ నాకు తెలుసు. పోయిన రంజానుకు నేనూ హమీదా కలిసి కొన్నది. నేనొక మూల నిలబడి, ఈ సంబరం ఎంతసేపులే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నా అంత సుఖపడ్డ మనిషి జనగామలో లేదు.

హమీదా ఉత్త చేతులతో వచ్చింది.

"సెట్టు లేదే. అన్న ఏస్కపోయిండు" అంది.

"గిదేంది! మరి ఇయ్యాల దర్గాకు పోలేదా?" విజయలక్ష్మి ఏడుపుముఖం పెట్టింది.

"సావింటి పనొచ్చింది. దర్గా గూడ ఇడిసిపెట్టి పోయిండు. రఘునాథపల్లిల ఎవరో ముసలామె పోయిందంట. పొద్దుగాల ఎవరో పిల్లొచ్చి దాదీకి చెప్పిందంట."

"మా ఊర్లనా? ఎవలే?"

"ఎవరో బుచ్చవ్వంట."

హమీదాకు ఆ పేరు ఎవరిదో తెలియదు. విజయలక్ష్మి ఎప్పుడూ బాపమ్మ అనేదే కానీ పేరు చెప్పేది కాదు. కాబట్టి పుల్ల విరిచినట్టు చెప్పేసింది. విజయలక్ష్మి ముందు నవ్వింది. మళ్ళీ "ఏ బుచ్చవ్వ?" అంది. "పెద్దింటి బుచ్చవ్వ" అని హమీదా అనగానే ఆ పిల్ల కూర్చున్నచోటే కూలిపోయింది. "మా బాపమ్మనే, మా బాపమ్మ పేరే" అని ఒకటే ఏడుపు.

నేననుకున్నది ఇది కాదు. సెట్టు పోతుంది, ఆట ఆగిపోతుంది, ఆకు లారీ వచ్చేస్తుంది, గోదాం నిండిపోతుంది. నేను అంతవరకే లెక్క వేసుకున్నాను. ఆ పేరుకు ఒక మనవరాలుందనీ, ఆ మనవరాలు నా ఎదురుగానే ఏడుస్తుందనీ నా బుర్రకు తట్టలేదు. కడుపుమంటలో ఉన్నవాళ్ళకు రెండడుగుల దూరం కనబడదు.

అప్పుడే చెప్పేయాల్సింది. 'ఊకోవే, మీ బాపమ్మ బతికే ఉన్నది' అంటే అయిపోయేది. చెబుదామని నోరు తెరిచాను కూడా. కానీ హమీదా అప్పటికే కింద కూర్చుని విజయలక్ష్మిని ఒళ్ళోకి తీసుకుంది. తన చేత్తో ఆ పిల్ల కళ్ళు తుడుస్తోంది. మా అమ్మ మూడు నెలలు దవాఖానలో ఉన్నప్పుడు నా కళ్ళు తుడిచింది ఆ చెయ్యే. నా నోరు దానంతటదే మూసుకుపోయింది.

"నడువు, బస్సుకు పోదాం. నేనొస్త నీతోని" అంది హమీదా.

"నేను గూడ వస్త" అన్నాను.

హమీదా నా వైపు చూసి, "నీకెందుకే, నువ్వు గోదాం తాళమేస్కొని ఇంటికి పో" అంది. అంతే, ఇక నన్నెవరాపుతారు? వాళ్ళిద్దరూ ఒక్క సీట్లో కూర్చుని రఘునాథపల్లి దాకా పోవడం, నేను ఇంట్లో కూర్చుని ఊహించుకోవడం జరిగే పని కాదు. తాళం వేశాను. ఉరికి బస్సెక్కాను.

బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లో, నేను వెనక సీట్లో. విజయలక్ష్మి తల హమీదా భుజం మీద ఉంది. "మొన్న పోయినప్పుడు సకినాలు పెడితే తినకుండ వచ్చిన హమీదా, తినమని ఎంత బతిమాలింది" అని ఏడుస్తోంది. బస్సులో ఆడవాళ్ళంతా అయ్యో పాపమంటున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటకు చూస్తున్నాను. నా అబద్ధానికి పుట్టిన ఏడుపు అది. మీరు నవ్వినా సరే, తిట్టినా సరే, దాన్ని చూసి కూడా నేను కుళ్ళుకున్నాను. నేనేడిస్తే హమీదా అంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకున్నాను.

రఘునాథపల్లిలో దిగేసరికే మైకు వినబడింది. ఊరంతా తత్వాలు మారుమోగుతున్నాయి. విజయలక్ష్మి చెప్పులు కూడా వదిలేసి ఉరికింది.

అంతకుముందు ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. చావింటికి వచ్చినవాళ్ళను ఎవరూ రా అనరు, పోయేవాళ్ళు పోయొస్తామనరు. పలకరింపులుండవు. పని మీద వచ్చినవాడు తల వంచుకుని తన పని చూసుకుంటాడు. హైదరన్న పద్ధతి తెలిసిన మనిషి. జనగామ బస్టాండులో ఇల్లెక్కడో అడిగి తెలుసుకున్నాడు. ఊళ్ళో దిగి సరాసరి పెద్దింటి వాకిట్లోకి వచ్చాడు, ఎవరినీ పలకరించలేదు. వేపచెట్టెక్కి హారను కట్టాడు. వైరు లాగాడు. తత్వాల క్యాసెట్టు పెట్టాడు. శవమేదని కూడా అడగలేదు, అడగడం మర్యాద కాదు కాబట్టి. బుచ్చవ్వ అప్పుడు దొడ్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎవరింట్లోనో చావైందనుకుని, చేతులు కడుక్కుని, చూసొద్దామని వాకిట్లోకి వచ్చింది. అప్పటికే వీధిలో నలుగురు ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ లోపలికి వస్తున్నారు. ఎదురుగా ఆమెను చూసి వాళ్ళు పెట్టిన కేకలకు, రెండో హారను కట్టడానికి మళ్ళీ ఎక్కిన హైదరన్న చెట్టు మీద నుంచి జారిపడ్డాడు.

అంతటితో ఆగలేదు. బస్టాండులో హైదరన్న ఇల్లడిగితే, అయ్యో పటేలు తల్లి పోయిందా అని అక్కడివాళ్ళు కబురు నాలుగు దిక్కులా పంపారు. కొడకండ్ల నుంచి బుచ్చవ్వ బిడ్డ సుశీల దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చింది. సుదర్శన్ పటేలు జనగామ నుంచి పూలదండతో జీపులో వచ్చాడు.

మేం వెళ్ళేసరికి పటేలు పాట ఆపించాడు, వాకిలంతా జనం. బుచ్చవ్వ అరుగు మీద మంచం వేయించుకుని దర్జాగా కూర్చుంది. ఆమె పక్కన సుశీల ఎర్రబడ్డ కళ్ళతో "నిన్ను సూస్తె సంతోషపడాల్నో, బస్సుల గంతగనం ఏడిసినందుకు కొట్లాడాల్నో సమజైతలేదు" అంటోంది. విజయలక్ష్మి పోయి బాపమ్మ మీద పడిపోయింది.

"ఊకో బిడ్డా, ఊకో. సచ్చిందన్న మాట పుడితే గండం ఎల్లిపోయినట్టే" అని మనవరాలి వీపు నిమిరి, బుచ్చవ్వ హైదరన్న వైపు తిరిగింది. "అరేయ్, ఆ పాట ఎందుకు బంద్ జేసినవ్? పెట్టు. నా సావు పాట నేను ఇనకపోతే ఇంకెవలింటరు?"

జనం నవ్వారు. సుదర్శన్ పటేలు నవ్వలేదు. జీపు దిగి వాకిట్లోకి వచ్చేదాకా తల్లి చచ్చిపోయిందనుకుంటూ వచ్చిన మనిషి ఆయన. ఆ ఏడుపంతా ఇప్పుడు కోపమైంది. హైదరన్న చొక్కా చిరిగి ఉంది, చెంప వాచి ఉంది. చెట్టు మీద నుంచి పడితే చెంప వాయదని నాకు అర్థమైంది.

"ఎవలు చెప్పిండ్రు నీకు? గాళ్ళ పేరు చెప్పు" అన్నాడు పటేలు.

"ఎవరో పిల్ల పటేలా. మా దాదీకి చెప్పిపోయిందట. దాదీకి కండ్లు కనవడయి. అల్లా మీద ఒట్టు, నాకు తెల్వదు."

"తెలిసేదాంక నీ సెట్టు గీడనే ఉంటది. ఆంప్లిఫయరు, హారన్లు, బ్యాటరీలు, అన్నీ కొట్టంల పెట్టి తాళమేస్త."

హైదరన్న మొహంలో నెత్తురు లేదు. "బుధవారం నాడు మూఢం ఎల్లిపోతది పటేలా. బేస్తవారం మానుకోటల పెండ్లికి మాటిచ్చిన. సెట్టు లేకుంటె మా ఇంట్ల పొయ్యి రాజదు."

మానుకోట అంటే మహబూబాబాద్. ఆ పెళ్ళి కోసం ఇల్లంతా నెల రోజులుగా ఎదురుచూస్తోందని హమీదా నాతో చెప్పింది. అప్పట్లో నాతో అన్నీ చెప్పేది. సెట్టు ఒక్క మధ్యాహ్నం రాకుండా చేద్దామనుకున్నాను, దాన్ని వాళ్ళకు శాశ్వతంగా లేకుండా చేశాను.

అప్పుడు హమీదా ముందుకొచ్చింది.

"ఆ పిల్లను నేనే" అంది.

హైదరన్న నోరు తెరుచుకుని చెల్లెలిని చూశాడు.

"నేనే గొంతు మార్చి దాదీకి చెప్పిన. పరాష్కానికి జేసిన. అన్నకేం తెల్వదు. సెట్టు ఇచ్చెయ్యుండ్రి."

"పరాష్కమా? మా అమ్మ సావు నీకు పరాష్కమా?" పటేలు అరిచాడు. ఆయన ఇంకేదో అనేలోపే హైదరన్న చెయ్యి లేచింది. చెంపదెబ్బ చప్పుడు నాకు వీధి దాకా వినబడ్డట్టు అనిపించింది. చిన్నప్పటి నుంచి హమీదాను తల్లిలా సాకిన అన్న, ఒక్కనాడు ఒక్క మాట అనని అన్న, అందరి ముందూ కొట్టాడు. హమీదా కదల్లేదు. చున్నీ కూడా లేదు మొహానికి అడ్డం పెట్టుకోవడానికి, అది విజయలక్ష్మి నడుముకుంది.

నా హమీదా నన్ను కనిపెట్టింది. కనిపెట్టి, నాకోసం దెబ్బ తిన్నది. మూడు వారాల నుంచి పోయిందనుకున్నది పోలేదు. ఇంతమందిలో, ఇంత గొడవలో, నాకు లోపల పండగలా ఉంది. ఇప్పుడు తల తిప్పి నన్ను చూస్తుంది, ఆ చూపు చాలు, ఇక వెంటనే నేనే ముందుకెళ్ళి నిజం చెప్పేస్తాను, ఆమె పక్కన నిలబడతాను అనుకున్నాను.

హమీదా తల తిప్పింది. నా వైపు కాదు. అరుగు దగ్గరున్న విజయలక్ష్మి వైపు.

దగ్గరకు పోయి, చెవిలో చెప్పినట్టు చెప్పింది. వాళ్ళ వెనకే నిలబడ్డ నాకు ప్రతి మాటా వినబడింది.

"భయపడకు. బస్సుల నువ్వు గంతగనం ఎందుకేడిసినవో ఇప్పుడు సమజైంది. నువ్వని సచ్చినా చెప్ప. ముందట నిలబడి ఆడ భయమైతాందని నిన్న నాతోని అనుడు మర్శిపోయినవా? వద్దంటె నేను ఊకుందు కదనే. దీనికోసం బాపమ్మ పేరు చెప్పుకుంటరా?"

విజయలక్ష్మి బిత్తరపోయింది. "నేనా? నేనెందుకు చెప్త హమీదా?"

"మల్ల ఆ పేరు నీకు గాక ఇంకెవలకు తెలుసు?"

నాకు తెలుసు. మా నాయిన వల్ల నాకు తెలుసు. కానీ హమీదాకు ఆ మాట తట్టలేదు. నన్ను అనుమానించడానికి కూడా ఆమెకు నేను గుర్తురాలేదు! తప్పు నాది, దెబ్బ ఆమెది, ఆ దెబ్బ తిన్నది మాత్రం విజయలక్ష్మి కోసం. నేను చేసిన పాపం కూడా ఆ పిల్ల ఖాతాలోకే పోయింది.

ఊరుకుంటే నేను బతికిపోయేదాన్ని. ఇంటికి పోయి, అన్నం తిని పడుకునేదాన్ని.

"నేను జేసిన!" అని అరిచాను.

అందరూ నా వైపు తిరిగారు. ఇక్కడ మీరు నన్ను మెచ్చుకోవద్దు. పిల్ల మంచిది, ఆఖరుకు నిజం ఒప్పుకుందని మా అమ్మలాంటివాళ్ళు అనుకుంటారు. నిజాయితీతో కాదు, ఓర్వలేక ఒప్పుకున్నాను. హమీదా దెబ్బ నాకోసం తిన్నట్టు లెక్క కావాలి నాకు, అంతే.

"ఆమె గాదు, విజయ గాదు. నేను. రాజమణిని. దాదీ కాడికి పోయింది నేను, పేరు చెప్పింది నేను" అని రొమ్ము మీద కొట్టుకుని మరీ చెప్పాను.

హమీదా నా వైపు చూసింది. ఎంతగా ఎదురుచూశానో ఆ చూపు కోసం! అందులో కోపం ఉంటే భరించేదాన్ని. అది దారినపోయే ఎవరినో చూసినట్టుంది.

"నువ్వు మన మునీమ్ సదానందం బిడ్డవు గదా?" పటేలు దగ్గరకొచ్చాడు.

బుచ్చవ్వ చేత్తో కొడుకును ఆపింది. మంచం దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ నా దగ్గరకు వచ్చి నా గడ్డం ఎత్తింది. ఆమె వేళ్ళకు ఇంకా చింతపండు వాసన ఉంది.

"నేను నీకేం జేసిన బిడ్డా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. "నువ్వేం జెయ్యలే అవ్వా. నీ మనుమరాలు జేసింది. నా దోస్తును గుంజుకున్నది."

జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఓస్, గింతేనా, పోరగాండ్ల కొట్లాట అన్నారు. హైదరన్న గట్టిగా ఊపిరి వదిలాడు. సుశీల కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కడితో అయిపోయేదే. బుచ్చవ్వ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, మజ్జిగ ఇచ్చి పంపేది.

పటేలు ఒక్కడే నవ్వలేదు.

"ఆగుండ్రి" అన్నాడు. "మధ్యాన్నం అమ్మ పోయిందని కబురొస్తె, విజయను తోల్కరమ్మని కుట్టు నేర్పే శకుంతలమ్మ ఇంటికి మనిషిని తోలిన. మూడు వారాలసంది మా పిల్ల ఆమె కడప తొక్కలేదట. దోస్తును గుంజుకున్నది అంటివి. యాడ గుంజుకున్నది? మీరు ముగ్గురు యాడ కలుస్తరు?"

విజయలక్ష్మి మొహం సున్నం వేసినట్టయింది. తండ్రి వెనక నుంచి నాకు రెండు చేతులూ జోడించింది. హమీదా గబగబా నా దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మూడు వారాల తర్వాత మొదటిసారి పట్టుకుంది.

"రాజీ, వద్దే. నీకు దండం పెడత. ఆ పిల్లను చదువు బంద్ జేయిస్తడు వాళ్ళ నాయిన. చెప్పకు."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కానీ అది కూడా ఆ పిల్ల కోసమే పట్టుకుంది. దొరికిపోతే హమీదా ఏమవుతుందో, తాళంచెవి తీసినందుకు నేనేమవుతానో, మా నాయిన కొలువేమవుతుందో అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అయినా నేను హమీదా చెయ్యి విదిలించుకుని, పటేలు కళ్ళలోకి చూశాను.

"మీ ఆకు గోదాంల, పటేలా" అన్నాను.